సున్నా అంటే క్షేమం

మా ఆడపడుచు ఇంట్లోనూ తప్పులే పడుతుంది, ఆఫీసులోనూ తప్పులే పడుతుంది. తేడా ఏమిటంటే ఆఫీసులో అందుకు జీతమిస్తారు. నా ఖర్మకాలి ఇద్దరిదీ ఒకటే ఆఫీసు.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని వెచ్చగా ఉంచే పెట్టెలు తయారుచేస్తాం. వాటిని నడిపే ప్రోగ్రాముకు మూలమైన కెర్నెల్ నా బాధ్యత. అందులోని ఫంక్షన్లు, అంటే ఒక్కో పని చేసి జవాబుగా ఓ అంకె చెప్పే ముక్కలు, తలా ఒకరు తలా ఒక రకంగా రాసి వదిలేసినవి. ఒకటి పని సవ్యంగా జరిగితే సున్నా అంటుంది, ఇంకొకటి పని చెడితే సున్నా అంటుంది. చూస్తే ఒళ్లు మండేది. కూర్చుని అన్నింటినీ ఒక దారికి తెచ్చాను. ఇకమీదట సున్నా అంటే క్షేమం, ఏది చెడినా మైనస్ అంకె రావాలి. ఆ సాయంత్రమే పెట్టెలు ఆస్పత్రులకు బయల్దేరాలి.

మధ్యాహ్నం వదిన నా బల్ల దగ్గరికొచ్చింది.

"ఏమ్మా, ఒంటి వేడి చూసే తీగ పీకేశాను. నీ పెట్టె కిక్కురుమనలేదు."

"ఎవరు పీకమన్నారు వదినా? పరీక్షల్లో అది లేదుగా!"

"లేకపోతే ఏం? వచ్చి చూడు."

విసుక్కుంటూ వెళ్లాను. పెట్టెలో పాప బదులు పెట్టే బొమ్మ పడుకుని ఉంది. తీగ ఊడి వేలాడుతోంది. అలారం మోగడం లేదు సరికదా, హీటరు భగభగమంటోంది. అప్పుడర్థమైంది. ఒంటి వేడి ఎంతో చెప్పే ఫంక్షన్, తీగ ఊడితే ఇదివరకు సున్నా చెప్పేది, సున్నా చూసి అలారం మోగేది. ఇప్పుడు నా ధర్మమా అని మైనస్ ఐదు చెబుతోంది. అలారం ఇంకా సున్నా కోసమే చూస్తోంది. హీటరేమో మైనస్ ఐదంటే పాప ఒంటి వేడనుకుని, గడ్డకట్టుకుపోతోందని ఇంకా ఇంకా కాలుస్తోంది!

"అసలు తీగ పీకాలని ఎలా తోచింది వదినా?"

"మావాడు ఇలాంటి పెట్టెలోనే ఉన్నాడమ్మా, నువ్వు మా ఇంటికి రాకముందు. ఓ రోజు కాళ్లు ఝాడించి తీగ ఊడగొట్టాడు, వెధవ. పెట్టె గొల్లుమంది, నర్సు పరిగెత్తుకొచ్చింది." వదిన వేలాడుతున్న తీగను మళ్లీ బొమ్మకు అంటించింది. "ఆ అలారం రాసిందెవరో గానీ, వాళ్లకి థాంక్స్ చెప్పుకోలేకపోయాను."

ఆమె చేయి పట్టుకున్నాను. "నేను నీకు చెప్పుకుంటున్నా వదినా. ఎన్నిసార్లు చెప్పినా తక్కువే."

"చాలు చాల్లే. ఇలాంటివి ఇంకెక్కడెక్కడున్నాయో వెతుకుదాం పద."

కుర్చీ లాక్కుని నా పక్కనే కూర్చుంది. ఇంకో రెండు దొరికాయి. ఆ సాయంత్రం ఒక్క పెట్టె కూడా గేటు దాటలేదు.