బురదపురుగులు లేచిన సాయంత్రం

గచ్చిబౌలిలో ట్రాఫిక్ జామై ఆఫీసు బస్సు కదలడం లేదు. రసజ్ఞ ఫోను మోగింది. కాకినాడ నుంచి సాయిచంద్, వీడియో కాల్.

"రసజ్ఞ గారూ, లేచాయండీ! చూడండి, చూడండి!"

మునిమాపు వెలుగులో గోదావరి పాయ. నీటి మీద ఎర్రగా, పచ్చగా లెక్కలేనన్ని పురుగులు గిరగిరా తిరుగుతున్నాయి. అంతలో సిగ్నల్ పోయింది.

కోరంగి మడ అడవుల దగ్గర బురదలో మోకాలిలోతు దిగి అతనితో కలిసి పరిశోధన చేసిన మనిషి ఆమె. బురదలోనే బతికే ఈ పురుగులు ఒళ్లంతా గుడ్లు నిండాక, జీవితంలో ఒకే ఒక్కసారి అమావాస్య నాటి సముద్రపు పోటుకు పైకి తేలతాయి. ఆడవీ మగవీ కలిసి నీళ్లలో గుడ్లూ వీర్యమూ వదిలి చచ్చిపోతాయి. రొయ్యల హేచరీలకు మేతగా గుడ్లున్న వాటినే తవ్వుకుపోతుంటే ఏటేటా తగ్గిపోయాయి. ఎన్ని పోట్లకు పడవలో కాచుకు కూర్చున్నా వాళ్లకొక్కటీ పైకి తేలి కనిపించలేదు. ఫెలోషిప్ అయిపోయి ఆమె సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి, నిజాంపేట హాస్టలుకు వచ్చేసింది. అతను అక్కడే ఉండిపోయాడు. ఒక్క బురదమేటనైనా తవ్వకుండా వదిలేయమని తవ్వేవాళ్లను బతిమాలి ఒప్పించాడు.

"ఏంది మేడం, ఏడుస్తున్నరు? ఇంట్ల అందరు మంచిగున్నరా?" పక్కసీటు మహేందర్ కంగారుపడ్డాడు.

"బాగున్నారండీ. నేను ఊరెళ్లాలి."

బస్సు దిగి, బైక్ టాక్సీ పట్టుకుని లింగంపల్లి స్టేషన్ చేరింది. జనరల్ పెట్టెలో కాకినాడ దాకా నిలబడే ప్రయాణం.

తెల్లవారి సాయిచంద్‌తో పడవలో వెళ్లేసరికి పాయ ఎప్పటిలాగే ఉంది. ఒడ్డున కొంగలు చచ్చిన పురుగులను ఏరుకుంటున్నాయి. ఆమె నీళ్లలోకి చూస్తూ ఉండిపోయింది.

"మీకోసం నిన్న అవి తేలినప్పుడే ఒక బకెట్టు నీళ్లు పట్టి ఉంచానండీ," అన్నాడు సాయిచంద్.

ఒడ్డుకొచ్చి ఆ నీటిచుక్కను మైక్రోస్కోపులో చూస్తే, ఒక్కో గుండ్రటి పిండం సన్నని నూగుతో తన చుట్టూ తాను తిరుగుతోంది. ఇద్దరూ వంతులవారీగా చూశారు. అతని భుజం తగిలినప్పుడు ఆమె జరగలేదు.

"ఇక్కడే ఉండిపోకూడదా అండీ?" అన్నాడతను, తలెత్తకుండానే.

 ఆ రోజు సాయంత్రం బండికే ఆమె హైదరాబాదు తిరిగి వచ్చేసింది.

సోమవారం మేనేజరును అడిగింది, కాకినాడ నుంచి పనిచేయనిస్తారా అని. చూద్దామన్నాడు. ఆఫీసు బయటికొచ్చి ఆ మాటే ఫోనులో చెప్పింది.

"చూద్దామంటే కుదరదనే కదండీ," సాయిచంద్ గొంతు తగ్గింది.

"కుదరకపోయినా వస్తాను."

అనేశాక తన మాటకు తనే ఆశ్చర్యపోయింది.  అవతల పడవ ఇంజను చప్పుడు, గాలి వినిపిస్తున్నాయి. ఎండలో నిలబడి ఆమె చాలాసేపు వాటినే వింటూ ఉంది.