ఎదురెళ్లి చెప్పాలని

ఓబుళప్ప ఫోన్‌ను కళ్లకు దూరంగా పట్టుకుని నోటమ్‌లు చదువుతున్నాడు. ఆకాశంలో ఏ వైపు ప్రమాదముందో, ఎప్పుడు ఎగరకూడదో విమానశాఖ పంపే హెచ్చరికలవి. పెనుకొండ దాటాక ఉన్న ఈ గ్లైడర్ మైదానంలో వాటిని పైలట్‌కు చదివి వినిపించడం, తిరిగి చెప్పించుకోవడం అతని పని.

"ధర్మవరం దిక్కు ఏమీ లేదు. హిందూపురం దిక్కు పెద్ద క్రేన్ ఉండాది. చెప్పమ్మా."

"ధర్మవరం దిక్కు ఏమీ లేదు. హిందూపురం దిక్కు క్రేన్," అంది ఉమారాణి. "బడిపిల్ల మాదిరి దినామూ అప్పజెప్పించుకుంటావు ఓబుళన్నా."

"నువ్వు అప్పజెప్తేనే నా గుండె కుదురుగా ఉంటాది."

ఆమె నవ్వి, టోపీ సర్దుకుని, ఎండలో తెల్లగా మెరుస్తున్న గ్లైడర్ వైపు నడిచింది. ఇంజను లేని విమానం అది. మైదానం అవతలి కొసనున్న యంత్రం తాడు చుట్టుకుంటూ గాలిపటంలా పైకి లాగుతుంది. ఆ తర్వాత అంతా గాలి దయ.

ఓబుళప్ప సన్నగా, కాస్త ముందుకు వంగి ఉంటాడు. గొర్రెల వెంట తిరిగిన కాళ్లు. పిక్కల మీద నరాలు ఉబ్బి ఉంటాయి. ఎంత ఎండైనా ఖాకీ చొక్కా పైగుండీ తీయడు. ఎవరు పైకెళ్లినా వాళ్లు దిగేదాకా కూర్చోడు.

ఫోన్ మళ్లీ మోగింది. కొత్త నోటమ్. ధర్మవరం దిక్కున మనిషి లేని విమానాల పరీక్ష. ఇప్పటినుంచే. ఇంకే విమానమూ అటు పోకూడదు.

ఉమారాణి కేకేస్తే వినపడేంత దూరంలోనే ఉంది. వీపు ఇటువైపు. ఓబుళప్ప నోరు తెరిచాడు. పిలవకుండానే మూసేశాడు.

భార్య మునియమ్మ పుట్టపర్తి ఆసుపత్రికి బయలుదేరిన పొద్దున, ఆమె వాకిలి దాటాక వెనక నుంచి పిలిచాడు, స్వెట్టరు మరిచిపోయిందని. ఆమె తిరిగొచ్చి, అది తీసుకుని, గడప పక్కన కాసేపు కూర్చుని మళ్లీ వెళ్లింది. ఆసుపత్రి నుంచి మనిషి రాలేదు, స్వెట్టరు వచ్చింది. అప్పటినుంచి బయలుదేరిన వాళ్లను అతను వెనక నుంచి పిలవలేదు.

ఎదురెళ్లి చెప్పాలని పరుగెత్తాడు. నేరుగా కాదు. ఆమెను చుట్టుకుని ముందుకు రావాలని కంపచెట్ల పక్కగా పరుగెత్తాడు. మోకాలు పట్టేసింది. అతను కుంటుకుంటూ గ్లైడర్ దగ్గరికి వచ్చేసరికి ఉమారాణి లోపల కూర్చుంది, అద్దం మూసుకుంది.

రెక్క పట్టుకున్న ఆంజనప్ప నవ్వాడు. "ఏమప్పా, ఆ పరుగేంది? గొర్రె తప్పిపోయినాదా?"

"ఆపు," అన్నాడు ఓబుళప్ప.

అప్పటికే తాడు బిగుసుకుంది. రెక్క ఆంజనప్ప చేతిలోంచి జారి ముందుకు ఉరికింది. చూస్తుండగానే గ్లైడర్ కొండ ఎత్తు దాటింది.

రేడియో గదికి ఎలా వచ్చి పడ్డాడో తెలియదు. "ఉమమ్మా, ధర్మవరం దిక్కు పోవద్దు. దిగు."

బదులు లేదు. మళ్లీ పిలిచాడు. మళ్లీ. రేడియోలో గరగర తప్ప ఏమీ లేదు. ధర్మవరం దిక్కున ఎక్కడో సన్నటి రొద మొదలైంది, సీసాలో ఈగ మూలిగినట్టు. ఆంజనప్ప వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"...వింటాండా. సౌండు తక్కువ పెట్టుకున్నా. ఏమైంది?"

"దిగమ్మా. దిగు."

ఆమె దిగింది. చక్రం నేలను తాకినప్పుడు లేచిన దుమ్ము అణిగేదాకా అతను కదల్లేదు. ఉమారాణి హెచ్చరిక చదువుకుంది. పై పెదవి మీద చెమట తుడుచుకుంది.

"నేను నడిచిపోతాంటే చూస్తానే ఉండావు కదా. ఒక్క కేక వేయకపోతివి ఎందుకు?"

"బయలుదేరినోళ్లని ఎనకనుంచి పిలవలేనమ్మా."

ఆమె అతని ముఖంలోకి చూసింది. "అట్లయితే అన్నా, ఈ పని..." అని ఆగిపోయింది.

"ఔనమ్మా. నేనూ అదే అనుకుంటాండా."

మధ్యాహ్నమంతా ఆంజనప్పను పక్కన కూర్చోబెట్టుకుని నోటమ్‌లు ఎలా చూడాలో చూపించాడు. మైదానం ఫోన్ అతని చేతిలో పెట్టాడు. తర్వాత రోడ్డు దాకా నడిచి, హిందూపురం బస్సుకు చెయ్యెత్తాడు. ఎక్కేటప్పుడు ఇటు తిరగలేదు.

పొద్దుగుంకే వేళ రేడియో గదికి తాళం వేయబోయిన ఉమారాణి కిటికీలో ఓబుళప్ప అన్నం క్యారియర్ చూసింది. మూత తీసింది. అడుగున ఊరిబిండి పచ్చడి ఎండిపోయి ఉంది. దాని పక్కన ముట్టకుండానే గట్టిపడిన రాగిముద్ద, దాన్ని చేసిన అరచేతి గుర్తు ఇంకా చెరగలేదు.