మిగతావన్నీ

పొద్దున్నే ఆఫీసుకొచ్చి, అన్నం డబ్బా సొరుగులో పెట్టి, కుర్చీ దులుపుకుని కంప్యూటర్ తెరవడం రంగులమ్మకి అలవాటు. పురపాలక ఆఫీసులో ఊరి మ్యాపుకి రంగులేయడం ఆవిడ ఉద్యోగం. మ్యాపులో ఏ ఇంటికి ఏ రంగు పడితే ఊళ్లో ఆ ఇంటి గోడలకీ అదే రంగు వచ్చేది. జనం సున్నాలు వేయించడం ఎప్పుడో మానేశారు. రంగుల కొట్టాయన నాలుగు శాపనార్థాలు పెట్టి గొడుగుల వ్యాపారంలోకి దిగాడు.

పని చిన్నదే. టేబుల్లో ప్రతి ఇంటికీ ఒక వరస, అందులో 'పరిస్థితి' అని ఒక గడి. గట్టిదైతే ఆకుపచ్చ, మరమ్మతు కావాలంటే పసుపు, శిథిలమైతే ఎరుపు. ఎరుపు పడ్డ ఇంటికి బుల్‌డోజర్ వస్తుంది. గడి ఖాళీగా ఉన్నవి 'మిగతావన్నీ' అనే చివరి వర్గంలో పడి బూడిదరంగులో ఉంటాయి. వర్గానికి పక్కనున్న టిక్కు తీస్తే అవి మ్యాపులో మాయం, ఊళ్లోనూ మాయం. ఓసారి గడి నింపని గోదాములు అందులో ఉండగా పొరపాటున టిక్కు తీశారు. మళ్లీ పెడితే గోదాములొచ్చాయి గానీ లోపలి ధాన్యం రాలేదు. ఎలుకలు తిన్నాయని రాసి చేతులు దులుపుకున్నారు.

రంగులమ్మని పెంచింది అక్క. బట్టలు కుట్టి చదివించింది. ఇప్పుడా అక్క ఇంటి గోడ పొట్ట ఉబ్బి నిలబడింది. తనిఖీ గుమాస్తా ఒక్క చూపు చూసి శిథిలం అని రాసేశాడు.

"నీ చేతిలో పనేగా, కాస్త ఆకుపచ్చ వెయ్యవే," అంది అక్క.

గట్టిది అని రాస్తే గుమాస్తా పట్టేస్తాడు. ఖాళీ గడి జోలికి ఎవడొస్తాడులే అనుకుని రంగులమ్మ శిథిలం అన్న మాట చెరిపేసింది. ఇల్లు బూడిదరంగుకి తిరిగింది.

"ఏ రంగైతేనేం, నిలబడిందిగా," అని అక్క మురిసిపోయింది.

తర్వాత కొన్నాళ్లకి మ్యాపు చూడ్డానికి పైవాళ్లు వస్తున్నారని ఆఫీసంతా హడావిడి. పెద్దసారు తెరవైపు చూసి మొహం చిట్లించాడు.

"ఈ బూడిద మరకలేంటమ్మా? తీసెయ్."

"సార్, అందులో ఇళ్లేమైనా ఉంటే..."

"పాడుబడ్డ కొట్టాలేగా అవి! మనుషులుండే ఇల్లు అందులోకి ఎలా వస్తుంది? ఎవరైనా టేబుల్లో చెయ్యి పెట్టారా?"

నిజం చెబితే ఉద్యోగం ఊడుతుంది. రంగులమ్మ ఒక్క నిమిషమని వరండాలోకెళ్లి ఫోన్ చేసింది.

"అక్కా, వెంటనే ఇంట్లోంచి బయటికి రా."

"నీ జాకెట్టుకి హుక్కులు కుడుతున్నానే. ఈ ఒక్కటీ అయ్యాక..."

"రమ్మంటే రా!"

"వస్తున్నా తల్లీ, అరవకు."

లోపల్నుంచి పెద్దసారు కేకేశాడు. వస్తున్నానందిగా, వచ్చేసే ఉంటుందని రంగులమ్మ తనకి తనే సర్దిచెప్పుకుంది. మళ్లీ ఫోన్ చేసి కనుక్కోవచ్చు. చెయ్యలేదు. వెళ్లి కూర్చుని టిక్కు తీసింది. మ్యాపు కడిగిన పళ్లెంలా అయింది. వచ్చినవాళ్లు ఎంత శుభ్రంగా ఉందో అని మెచ్చుకుని, టీ తాగి వెళ్లారు.

వాళ్ల కారు గేటు దాటగానే టిక్కు పెట్టి అక్క ఇంటికి పరిగెత్తింది. ఇల్లు తిరిగొచ్చింది. మ్యాపులో గీతలన్నీ తిన్నగా గీస్తారు కాబట్టి ఉబ్బిన గోడ కూడా నిటారుగా వచ్చింది. లోపల కుట్టు మిషను లేదు, మంచం లేదు, అక్క లేదు.

ఎదురింటావిడ గుమ్మంలో నిలబడి బియ్యం ఏరుకుంటోంది. "మీ అక్క వీధిలోకి వచ్చేసిందమ్మా," అంది. "జాకెట్టు మర్చిపోయాను, చెల్లెలు తిడుతుందని మళ్లీ లోపలికెళ్లింది."

రంగులమ్మ ఆ ఖాళీ గదిలో కూలబడి, అక్కా అక్కా అని గోడల్ని పిలిచి ఏడ్చింది.

మర్నాడు తనిఖీ గుమాస్తా వచ్చాడు. గోడ తిన్నగా ఉండటం చూసి, ఖాళీ గడిలో గట్టిది అని రాయించాడు. రంగులమ్మ డబ్బా సొరుగులో పెట్టి, కుర్చీ దులుపుకుని, అక్క ఇంటికి అక్క అడిగిన ఆకుపచ్చ రంగు వేసింది.