నాలుగు అడిషనల్ షీట్లు

ప్రణీత మేడమ్ అంటే నాకు ఒళ్లు మంట. దాచేదేం లేదు. ఆరో తరగతి నుంచి ఈ పదో తరగతి దాకా క్లాసులో ఫస్ట్ నేనే. ప్రీఫైనల్లో ఫస్ట్ వచ్చినవాళ్ల ఫొటోతో మా స్కూలువాళ్లు మేడ్చల్ చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టిస్తారు. షామీర్‌పేట నుంచి మా నాయిన తోలే ఆటో రోజూ అక్కడే ఆగుతుంది. ఆ ఫ్లెక్సీ మీద నన్ను నాయిన చూడాలి. నాకు కావలసింది అదొక్కటే.

హాఫ్ ఇయర్లీలో తెలుగు పేపరుకు నాలుగు అడిషనల్ షీట్లు తీసుకున్నాను. దారం కడుతుంటే క్లాసంతా నావైపే చూసింది. 'ముసలమ్మ బర్రెను ఎందుకు అమ్మలేదు?' అన్న ఒక్క ప్రశ్నకే మూడు పేజీలు నింపాను. కొత్తగా వచ్చిన ఈ మేడమ్ ఎనిమిదికి మూడు మార్కులు వేసింది.

పేపరు పట్టుకుని స్టాఫ్ రూముకు పోయాను.

"మూడే ఏసిన్రేంది మేడమ్? మూడు పేజీలు రాసిన."

"పేజీకొకటి ఏసిన గదా షైనీ," అంది తలెత్తకుండా. "మొదటి పేజీల పల్లె అందాలు. రెండో పేజీల పశువుల గొప్పతనం. ముసలమ్మ మూడో పేజీ దాకా రానేలేదు. బర్రెనైతే దొడ్లెనే మర్సిపోయినవ్."

స్టాఫ్ రూమంతా నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది.

"మీకు చదవనీకి బద్ధకం, అందుకే మార్కులు కోసిన్రు!" అనేశాను.

అప్పుడు తలెత్తింది. కోప్పడనైనా లేదు, దాంతో ఇంకా మండింది.

"జవాబంటే గిది. ఎవరు, ఏం జేసిన్రు, ఎందుకు, అంతా ఒక్క ముక్కల చెప్పినవ్. నన్ను తిట్టనీకి అడిషనల్ షీట్ అడగలే గదా? పరీక్షల గూడ గట్లనే రాయి. ఇగ పో."

ప్రీఫైనల్లో కసితీరా రాశాను, ప్రతి జవాబూ ఆమె మొహాన కొట్టినట్టు. ఒక్క అడిషనల్ అడగలేదు. పెద్ద ప్రశ్నకు ఏడే వాక్యాలు. ఇంకా అరగంట మిగిలింది. పేజీ బోసిగా కనిపించేసరికి మనసాగక చివర్లో ఇంకోటి తగిలించాను: 'ఈ విధంగా ఈ పాఠం మనకు ఎన్నో మంచి విషయాలు నేర్పుతుంది.'

ఆ ప్రశ్నకు ఎనిమిదికి ఏడు వచ్చాయి. చివరి వాక్యం మీద ఎర్ర గీత. పక్కన 'ఏ విషయాలు?' అని రాసి ఉంది.

మొత్తం మీద మా క్లాసు భానుతేజకు నాకంటే అర మార్కు ఎక్కువ.

ఇప్పుడు చౌరస్తాలో ఫ్లెక్సీ మీద వాడు ఇకిలిస్తున్నాడు. దాని కిందే నాయిన ఆటో.

"ఎట్ల పోయింది బిడ్డా ఆ అర మార్కు?" అని అడిగాడు నాయిన.

మేడమ్‌ను కడిగేద్దామని నోరు తెరిచాను.

"ఒక్క లైన్ ఎక్కువ రాసిన నాయినా," అన్నాను.