ఇరవై ఒక్క రోజుల కట్టు

నెలకో శనివారం సాయంత్రం మోహన పుత్తూరుకు ఆవల కొండవాలులో, తెలిసినవాళ్ల మామిడితోపులో టెంటు వేసుకునేది. తెల్లవారగానే రెండు చెట్ల మధ్య బట్టల దండెంలా రాగితీగ కట్టి, దాన్ని రేడియో సెట్టుకు తగిలించి, పక్కన కారు బ్యాటరీ పెట్టుకుని చాప మీద కూర్చునేది. ఏడు గంటలకల్లా దక్షిణాదిలో సరదాకు సొంత సెట్లతో మాట్లాడుకునే హామ్ రేడియో వాళ్లంతా ఒక్కొక్కరుగా పలికేవాళ్లు. కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో పనిచేసే ఆమెకు లైసెన్సు వచ్చి పదకొండేళ్లయింది. ఈమధ్య వాళ్ల నాయనను కూడా వెంట తెచ్చుకుంటోంది.

నాయన పేరు మునిరత్నం. ముప్పై ఏళ్లకు పైగా పుత్తూరులో విరిగిన ఎముకలకు కట్లు కట్టినవాడు. రెండేళ్ల కిందట కుడిచేతికి వణుకు వచ్చింది. వణికే చేత్తో ఇంకొకరి ఎముక పట్టుకోకూడదని తనే పని మానుకున్నాడు. పనితోపాటు ఇంట్లో ఆయన మాటా తగ్గిపోయింది. తోపుకు వస్తే మాత్రం సెట్టు పక్కన కుర్చీ వేసుకుని కదలకుండా కూర్చునేవాడు.

సెట్టులోంచి గొంతుతో పాటు అవతలి చోటు కూడా కాస్త వచ్చేది. కూర్గు తోట ఆసామి మాట్లాడితే కాఫీపూల వాసన. వైనాడులో చినుకులు మొదలైతే, "వాన, పుస్తకం మూసుకోండి" అని అక్కడివాళ్లు ముందే చెప్పేవాళ్లు. మోహన, ఎవరు పలికిందీ రాసుకునే తన లాగ్ పుస్తకం మీద తువ్వాలు కప్పేది. తూత్తుకుడి ఆయన సెలవు తీసుకున్నాక స్పీకరు జాలీకి అంటిన ఉప్పును బ్రష్షుతో దులిపేది.

సూళ్లూరుపేట గిరిప్రసాద్ పలికితే కొబ్బరినూనె వాసన, సోల్డరింగ్ పొగ వాసన కలిసి వచ్చేవి. ఆయన అక్కడి ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్. యాభైకి దగ్గర పడిన ఒంటరి మనిషి. ఆరేళ్లుగా రోజూ పొద్దున, మామూలు రోజుల్లో ఇళ్ల నుంచే, మాట్లాడుకుంటున్నా ఆయనా మోహనా ఒకరినొకరు చూసింది లేదు. మొదట్లో కలుద్దామని ఎవరు అడగాలో తెలియలేదు. తర్వాత, ఇంత ఆలస్యంగా అడిగితే ఏం బాగుంటుందని ఇద్దరూ ఊరుకున్నారు.

జనవరిలో ఒక ఆదివారం గిరిప్రసాద్ కూడా తన సెట్టు తీసుకుని పులికాట్ సరస్సులో ఒక ఇసుకతిన్నె మీద మకాం వేశాడు. ఏడు గంటలకు ఆయన పలకలేదు. ఏడూ ఇరవైకి స్పీకరులోంచి బురద వాసన, చేపల వాసన గుప్పున వచ్చాయి.

"మోహన గారూ, నేను కొంచెం పడ్డాను. తీగ కడుతూ జారిపోయాను. కుడి భుజం కిందికి దిగిపోయింది. ఫోను నీళ్లల్లో పోయింది. ఓవర్."

గొంతు మామూలుగా ఉంచాలని ఆయన పడుతున్న కష్టం ఆమెకు తెలుస్తూనే ఉంది. వెంటనే తన ఫోనులో సూళ్లూరుపేట పోలీసులకు చేసింది. నీళ్లు తక్కువగా ఉన్నాయి, పడవ తోసుకుంటూ రావాలి, మూడు గంటలు పడుతుందన్నారు.

మునిరత్నం కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "వేళ్లు కదులుతా ఉండాయా, అడుగు."

అడిగింది. "రెండు కదలడం లేదు. చల్లబడిపోతున్నాయి. ఓవర్," అన్నాడు గిరిప్రసాద్.

"మూడు గంటలు ఆగేది కాదు మ్మా ఇది." మునిరత్నం తన చేతిని చూసుకున్నాడు. అది వణుకుతూనే ఉంది. చొక్కా చెయ్యి మోచేతిపైకి మడిచాడు. "మైకు బటను వదలకుండా మాట్లాడతా ఉండమను. మాట ఆగితే నాకు భుజం అందదు."

మోహన నాయన మాటగా అది చెప్పి తన మైకు వదిలేసింది. నాయన స్పీకరు జాలీ మీద అరచెయ్యి ఆనించాడు. జాలీ నానిన గుడ్డలా వంగింది. చెయ్యి మణికట్టు దాటి లోపలికి పోయింది. మోహన కాఫీ గ్లాసు ఒలకకుండా పక్కకు జరిపింది.

"ఏం మాట్లాడాలి," అన్నాడు గిరిప్రసాద్. "ఇక్కడ ఫ్లెమింగోలు రెండొందల దాకా ఉన్నాయి. బ్యాటరీ పన్నెండు వోల్టులు చూపిస్తోంది. గాలి తూర్పు నుంచి... అయ్యగారి చెయ్యి తగిలింది."

మునిరత్నం కళ్లు మూసుకుని వెతుకుతున్నాడు. లోపల ఏదో పట్టుకున్నట్టు మోచెయ్యి బిగిసింది. చూస్తుండగానే వణుకు ఆగిపోయింది.

అవతల గొంతు తడబడింది. చెప్పడానికి ఇంకేమీ మిగల్లేదని మోహనకు అర్థమైంది. ఆమె మాట్లాడినా ఆయనకు వినిపించదు, ఆయన బటను వదిలితే తప్ప.

"మోహన గారూ," అన్నాడు. "మీరు తోపుకు వచ్చిన రోజు మీ గొంతు వెనక పిట్టలు కూస్తాయి. ఆ ఆదివారం కోసం నెలంతా చూస్తాను. మిగతా రోజుల్లో ఏడు గంటల కోసం చూస్తాను. ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ ఇస్తామంటే జీతం ఎక్కువైనా వద్దన్నాను, పొద్దున మీ పలకరింపు పోతుందని. ఇది ముందే చెప్పాల్సింది. నాకు చెప్పడం..."

కటుక్కుమని చప్పుడైంది. గిరిప్రసాద్ గట్టిగా మూలిగి, తర్వాత పొడుగ్గా ఊపిరి వదిలాడు.

మునిరత్నం చెయ్యి బయటికి తీశాడు. మోచేతి దాకా బురద. "కీలు కూచునింది," అన్నాడు.

గిరిప్రసాద్ చెప్పిన ఆ మాటలు సెట్ల ముందున్న మిగతా వాళ్లందరూ విన్నారు. ఒక్కరూ మధ్యలోకి రాలేదు. మోహన మైకు తీసుకుని బటను నొక్కింది. "విన్నాను. చెయ్యి కదపకుండా పడుకోండి, పడవ వస్తోంది. ఓవర్," అంది.

మంగళవారం, కట్టుకు రమ్మని మునిరత్నం చెప్పించినట్టే, గిరిప్రసాద్ పుత్తూరు బస్సు దిగి, మెడలోంచి తువ్వాలుతో చెయ్యి వేలాడదీసుకుని ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. గొంతును బట్టి ఎత్తుగా ఉంటాడనుకుంది మోహన. పొట్టిగా, బట్టతలతో ఉన్నాడు. గడపలో నిలబడి ఆమెను చూసి నమస్కారం పెట్టబోతే చెయ్యి లేవలేదు.

"ఆ చెయ్యి ఎత్తాకు. కూచో అప్పా," అన్నాడు మునిరత్నం. రెండేళ్లుగా అటక మీదున్న కట్ల పెట్టె పొద్దునే తనే దించుకున్నాడు. భుజం నొక్కి చూశాడు. కీలు చక్కగా అమరింది. ఆయన చేతికి మళ్లీ వణుకు వచ్చింది, అయినా ఈసారి వెనక్కి తీసుకోలేదు. పసరు రాసి, "పట్టుకో మ్మా," అని గుడ్డ రెండో కొస కూతురికి ఇచ్చాడు. ఇద్దరూ కలిసి భుజం చుట్టూ కట్టు తిప్పారు.

"మళ్లీ ఎప్పుడు రావాలి, అయ్యా?"

"రోజు మార్చి రోజు. ఇరవై ఒక్క రోజులు," అన్నాడు మునిరత్నం, పెట్టె సర్దుకుంటూ.

మోహన తలెత్తి నాయనను చూసింది. చిన్నప్పటినుంచి ఆయన పక్కన గుడ్డ పట్టుకున్నది ఆమే. తప్పిన భుజానికి పది రోజులు, రెండే రెండు కట్లు. ఎవరికైనా ఆయన చెప్పేది అదే. ఆయన ఆమె వైపు చూడకుండా మిగిలిన గుడ్డను మడతలు పెడుతున్నాడు.

"మూడు గంటల బస్సుకు రండి," అంది మోహన గిరిప్రసాద్‌తో. "అప్పటికి నేను కాలేజీ నుంచి వచ్చేసుంటాను."