నాలుగుసార్లు చెరిపిన గీత

కన్ను మళ్లీ మూసుకుపోయి ఉంది.

మంగళవారం పొద్దున్నే, కోటు కూడా విప్పకుండా, బడి ల్యాబ్‌లో కంప్యూటర్ తెరిచి చూసుకుంటే లరీసాకి ఎదురైన సంగతి ఇది. కన్నంటే మనిషి కన్ను కాదు, తెర మీద ఓ మూల ఉండే చిన్న గుర్తు. ఫోటోకి చేసిన మార్పులన్నీ పలచటి గాజు కాగితం లాంటి ఓ పొర మీద విడిగా ఉంటాయి. పక్కనున్న కన్ను గుర్తు నొక్కితే చాలు, పొర మాయమై అడుగునున్న అసలు ఫోటో బయటపడుతుంది. శుక్రవారం రెండు గంటలు కూర్చుని నొయెల్ ముఖం శుభ్రం చేసిన పొర అది. గడ్డం మీది మొటిమ, కళ్ల కింద నలుపు, నుదుటి మీద వెంట్రుకలు, పై పెదవి మీద కుట్టు గీత, అన్నీ తుడిచేసింది. ఇప్పుడవన్నీ తిరిగొచ్చి వేటి చోట్లో అవి నింపాదిగా కూర్చున్నాయి.

సోమవారం ఇలాగే ఉంటే తన చెయ్యే తగిలిందేమో అనుకుని కన్ను మళ్లీ తెరిచింది. ఒకసారంటే తగిలింది. రెండో రోజు కూడా తగలడానికి అదేమన్నా తలుపు గడియా? ఫైల్ ఆఖరిసారి ఎప్పుడు మారిందో చూసింది. నిన్న మధ్యాహ్నం పన్నెండూ ఇరవై. ఆ వేళకి తను జిమ్‌లో వాలీబాల్ ఆడుతోంది. లరీసా ఒళ్లు మండిపోయింది.

మండదూ మరి? పదకొండో తరగతి డిజైన్ క్లాసులో ఈసారి ఇచ్చిన పని, టీనేజీ పిల్లల ఫ్యాషన్ పత్రికకి ముఖచిత్రం తయారుచెయ్యడం. శుక్రవారం అన్నీ గోడకి గుచ్చుతారు. ఏది నెగ్గితే ఆ పిల్లకో పిల్లాడికో వినిపెగ్ కాలేజీలో వేసవి డిజైన్ తరగతులకి సీటు. బ్రాండన్ ఊళ్లోని ఈ బడికి ఇచ్చేది ఒక్కటంటే ఒక్కటే సీటు. పోయినేడాది లరీసా వెళ్తానని రాస్తే, ఇంకా నేర్చుకోవాలని మర్యాదగా తిప్పి పంపారు. ఆ ఉత్తరం ఇప్పటికీ ఆమె సొరుగులో ఉంది. ఈసారి ఆ సీటు తనది కాకపోతే ఇంట్లో ఎవరి ముఖమూ చూడలేనని ఆమె బెంగ.

నెగ్గుతుందనే నమ్మకమూ లేకపోలేదు. బొమ్మ అంత బాగా కుదిరింది. నొయెల్ దెజార్లే, రెండో తరగతి నుంచీ ప్రాణ స్నేహితురాలు, వాళ్ల తాతగారి పాత ఎర్రకోటు వేసుకుని, మంచులో బస్సు స్టాపు దగ్గర నిలబడి ఎవర్నో పలకరించబోతున్నట్టు చూస్తుంది. పైన పెద్ద అక్షరాల్లో 'తళుకు' అని పత్రిక పేరు. పక్కన 'ఈ చలికాలం అల్మారా నీది కాదు, తాతయ్యది' అని ఓ శీర్షిక. క్లాసు చెప్పే హాల్వర్సన్ సార్ ఇచ్చిన కాగితంలో ఉండాల్సినవన్నీ ఉన్నాయి: తేదీ, ధర, కింద బార్‌కోడ్ గీతల పెట్టె. ఆఖర్న 'ఫోటో శుభ్రం చెయ్యాలి' అనీ ఉంది. చేసింది. అందరూ చేసేదే.

లాకర్ల దగ్గర నొయెల్‌ని పట్టుకుంది.

"ఎవడో నా ఫైల్లో వేలు పెడుతున్నాడే."

నొయెల్ మఫ్లర్ విప్పుతూ, "ఏం చేశాడు?" అంది.

"నీ ముఖం పాడుచేస్తున్నాడు."

"పాడా?"

"కాదా మరి? నేను అంత కష్టపడి బాగుచేస్తే మళ్లీ మొదటికి తెస్తున్నాడు వెధవ!"

నొయెల్ మఫ్లర్‌ని నెమ్మదిగా మడతపెట్టి లోపల పెట్టింది. "ఎవరి మీద అనుమానం?"

"ఆన్సెల్ కాక ఇంకెవడు? రోజూ మధ్యాహ్నం ల్యాబ్‌లోనే కదా వాడి మకాం! నా తర్వాత అంతో ఇంతో పని తెలిసినవాడు వాడే. ఇవాళ నువ్వు కాస్త ల్యాబ్‌లో కూర్చుని కనిపెట్టవే. నాకు ప్రాక్టీసు మానితే కోచ్ తోలు తీస్తుంది."

"సరే, కూర్చుంటాలే," అంది నొయెల్.

లరీసా ఊరికే కూర్చోలేదు. కన్ను నొక్కితే పోయే పొర ఉంటేనే కదా ఈ బాధ, అని కన్ను తెరిచి, పొరనీ ఫోటోనీ కలిపేసి ఒకటి చేసేసింది. ఇక నొక్కడానికి కన్నే లేదు. ఏం చేసుకుంటాడో చేసుకోమను!

బుధవారం పొద్దున చూస్తే మొటిమ లేదు. కళ్ల కింద నలుపు లేదు. వెంట్రుకలూ లేవు. కానీ పై పెదవి మీద, ముక్కు దాకా, కుట్టు గీత ఉంది. అసలు ఫోటోలోంచి ఆ ముక్క ఒక్కటీ కత్తిరించి తెచ్చి, అంచులు తెలియకుండా అతికించారు. చాలా జాగ్రత్తగా, ఓపిగ్గా చేసిన పని. ఎంత కుళ్లు లేకపోతే ఇంత ఓపిక వస్తుంది, అనుకుంది లరీసా. అందరి చూపూ పడే చోటు ఏరుకుని మరీ కొట్టాడు!

నొయెల్ పుట్టినప్పుడే పై పెదవి చీలి ఉంది. నాలుగు నెలల పిల్లగా ఉండగా కుట్టారు. ఆ గీత లరీసాకి ఎంత అలవాటంటే, పదేళ్లలో దాని గురించి ఒక్కనాడూ ఆలోచించలేదు. చెరిపేటప్పుడూ ఆలోచించలేదు.

"నిన్న ఆన్సెల్ ఉన్నాడా ల్యాబ్‌లో?" అని నొయెల్‌ని అడిగింది.

"ఉన్నాడు. రోజూ ఉంటాడుగా."

"నా కంప్యూటర్ దగ్గరికి వచ్చాడా?"

"నేను చూడలేదు," అంది నొయెల్, బూటు లేసు కట్టుకుంటూ. తల ఎత్తలేదు.

ఇంకేం కావాలి లరీసాకి? తిన్నగా ఆన్సెల్ ఫ్రీసెన్ దగ్గరికి వెళ్లింది. పొడుగ్గా, నోట్లో నాలుక లేనట్టుండే పిల్లాడు. ఊరికి గంట దూరంలో వాళ్ల పొలం. బడి బస్సులో వచ్చి బడి బస్సులో పోతాడు. ఇంట్లో కంప్యూటర్ లేదు. అందుకే మధ్యాహ్నం సాసేజి రొట్టె ఓ చేత్తో తింటూ ఇంకో చేత్తో పనిచేసుకుంటాడు.

"ఏరా, నా ఫైల్ తెరిచావా?"

ఆన్సెల్ చెవులు ఎర్రబడ్డాయి. "ఒక్కసారి... అక్షరాలు ఎలా పేర్చావో చూద్దామని."

"చూశావా, చూశావా! ఒప్పుకున్నావు!"

"చూశాను అంతే. ఏమీ ముట్టుకోలేదు, ఒట్టు."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటున్నాడు, అనుకుంది లరీసా. హాల్వర్సన్ సార్ దగ్గరికి లాక్కెళ్లి, ఏం పాడైందో చెప్పకుండానే, తన ఫైల్ పాడుచేస్తున్నాడని ఫిర్యాదు చేసింది. సార్ ఇరవయ్యేళ్లు పత్రికాఫీసులో పనిచేసి వచ్చిన మనిషి. ఈ గది కూడా పత్రికాఫీసేనని, ఒకరి పని ఒకరు చూసుకోవాలని, అందరి ఫైళ్లూ తాళాల్లేకుండా ఒకే చోట పెట్టించింది ఆయనే. అంతా విని గడ్డం గోక్కున్నాడు.

"శుక్రవారం దాకా నువ్వు మధ్యాహ్నం ల్యాబ్‌కి రాకు ఆన్సెల్," అన్నాడు చివరికి.

"మరి నాది ఎప్పుడు పూర్తి చెయ్యను సార్?"

సార్ బల్ల మీది కాగితాలు సర్దుకోసాగాడు. ఆన్సెల్ లరీసా వైపు ఓసారి చూసి సంచీ భుజాన వేసుకున్నాడు. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది. లేదు.

ఆ సాయంత్రం ఇంట్లో అమ్మమ్మ కజ్జికాయల్లాంటి పెరోగీలు మడుస్తుంటే పిండి వత్తి ఇస్తూ కథంతా చెప్పింది లరీసా. అమ్మమ్మ ఊ కొడుతూ విని, "పట్టుకున్నావు సరే. వాడు చేస్తుండగా చూశావా?" అంది.

"చూడక్కర్లేదు అమ్మమ్మా. ముఖంలోనే తెలిసిపోతోంది."

"ముఖం చూసి చెప్పేస్తావన్నమాట. గట్టిదానివే," అంది అమ్మమ్మ, బంగాళాదుంప ముద్ద లోపల పెట్టి అంచు నొక్కుతూ.

బుధవారం ఆఖరి పీరియడ్‌లోనే గీతని నాలుగోసారి చెరిపింది లరీసా. అయినా గురువారం మనసు ఊరుకోలేదు. ఆన్సెల్ సార్ మాట వింటాడని ఏమిటి నమ్మకం? చాటుగా వస్తే? ఈసారి చేతిలో మౌసు ఉండగానే పట్టుకుంటానని, మడమ బెణికిందని కోచ్‌కి ఓ అబద్ధం చెప్పి, పన్నెండుంబావుకి పిల్లిలా ల్యాబ్ తలుపు తోసింది.

తన కంప్యూటర్ ముందు ఎవరో ఉన్నారు. తెర నిండా పెదవులే, ఒక్కో పెదవీ జానెడంత. కుర్చీ వీపు మీద ఎర్రకోటు వేలాడుతోంది. ముఖచిత్రంలో ఉన్న కోటే.

తాళంచెవి తీసుకెళ్లి దొంగ చేతికే ఇచ్చానా! అనుకుంది లరీసా.

"నువ్వా!"

నొయెల్ ఉలిక్కిపడలేదు. చేస్తున్న పని ఆపి, కుర్చీ ఇటు తిప్పింది. "నేనే."

"నువ్వెందుకే? ఆ సీటు నాకెంత అవసరమో తెలుసుగా! నాతో పోటీయా నీకు?"

"పోటీనా? పిచ్చి మొహమా, నువ్వు నాలుగుసార్లు తీసేశావు. నేను నాలుగుసార్లు పెడుతున్నాను. అంతే."

"శుభ్రం చెయ్యమని సార్ కాగితంలోనే..."

"నేను మురికిగా ఉన్నానా?"

లరీసా తెర మీది పెదవుల వైపు చూసింది.

"రెండో తరగతిలో ఆ కోరీ గాడు నన్ను కుందేలు మూతి అంటే వాడి చెయ్యి కొరికావు. గుర్తుందా? రక్తం వచ్చింది. అప్పటి నుంచీ నువ్వు పక్కనుంటే నాకిది ఉందనే గుర్తుండేది కాదు. ఇప్పుడు ఊరంతా చూసే బొమ్మలో నువ్వే చెరిపావు." నొయెల్ చేత్తో ముక్కు తుడుచుకుంది.

"నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా!"

"నువ్వు నన్ను అడిగావా? సోమవారం అది తిరిగొచ్చి ఉంటే చూసి, అయ్యో, ఇది నొయెల్ ముఖం కదా అనుకుంటావని ఆశపడ్డాను. మంగళవారమూ ఆశపడ్డాను. నువ్వేమో దొంగ కోసం వెతికావు."

"మరి ఆన్సెల్ సంగతి? వాణ్ని గెంటేస్తుంటే నోరు మూసుకున్నావే!"

"అవును. అది నా తప్పే," అంది నొయెల్. "చెబితే అన్నీ చెప్పాల్సొస్తుందని భయపడ్డాను." కోటు తీసుకుని తొడుక్కుంది. "నా బొమ్మ వేసుకో, మానుకో. నీ ఇష్టం. వేస్తే మాత్రం నన్నే వెయ్యి."

ఆమె వెళ్లిపోయాక లరీసా ఆ ఫైల్ మూసేసింది. అసలు ఫోటో మళ్లీ తెచ్చుకుని, దాని మీద పేరూ, తేదీ, శీర్షికలూ పేర్చింది. ముఖం జోలికి పోలేదు. ఏది ముట్టుకోవచ్చో ఏది కూడదో ఇక తనకి తెలియదనిపించి మొటిమని కూడా ఉండనిచ్చింది. ఆన్సెల్ గురించి సార్‌తో చెప్పాలనుకుంది. ఆయన గది తలుపు దాకా వెళ్లింది. రేపు చెబుదాంలే, సీటు సంగతి తేలాక, అనుకుని వెనక్కి వచ్చేసింది. ఆ పని తలుచుకుంటే ఆమెకి ఈనాటికీ సిగ్గే.

శుక్రవారం పద్దెనిమిది ముఖచిత్రాలు గోడ మీద ఉన్నాయి. పేర్లు వెనకవైపు. హాల్వర్సన్ సార్ పెట్టిన కట్టుబాటు ఒకటుంది. అందరూ మాట్లాడతారు, చేసినవాళ్లు మాత్రం నోరు విప్పకూడదు. విప్పితే బొమ్మ గోడ దిగుతుంది. 'దుకాణంలో పత్రిక పక్కన నువ్వు నిలబడి కథలు చెప్పవు కదా' అంటాడాయన. అప్పటిదాకా ఎవరూ దాన్ని మీరలేదు.

చివర్లో ఓ బొమ్మ సగమే ఉంది. శీర్షికలు ఉండాల్సిన చోట ఖాళీ తెలుపు. అది ఎవరిదో అందరికీ తెలుసు.

ఎర్రకోటు బొమ్మ దగ్గరికి రాగానే గదిలో గుసగుసలు మొదలయ్యాయి. ముందు వరుసలో ఓ పిల్ల, "ఫోటో శుభ్రం చెయ్యడం మర్చిపోయినట్టున్నారు సార్," అంది.

"మర్చిపోలేదమ్మా," అన్నాడు హాల్వర్సన్ సార్, కళ్లజోడు పైకి తోసుకుని. "బాగా చూడు. నేను శుభ్రం చెయ్యమన్నాను. ఈ మనిషి చెయ్యనంది. పెదవి మీద గీతని దాచకుండా ఉంచడానికి ధైర్యం కావాలి, ప్రేమ కావాలి. ఈ గోడ మొత్తం మీద అంత మంచి నిర్ణయం ఇంకొకటి లేదు."

చప్పట్లు కొట్టారు. లరీసా చెవుల్లో హోరు. అంతే, అయిపోయింది. నోరు మూసుకుని కూర్చుంటే చాలు, కట్టుబాటు కూడా అదే చెబుతోంది. కిటికీ దగ్గర నొయెల్ చేతులు కట్టుకుని తననే చూస్తోంది. పక్కింటి కుక్క కరుస్తుందో లేదో తేల్చుకుంటున్నట్టుంది ఆ చూపు. వెనక ఆన్సెల్ మాత్రం తన ఖాళీ తెలుపునే చూసుకుంటున్నాడు.

"ఆ నిర్ణయం నాది కాదు సార్," అంది లరీసా.

"లరీసా! కట్టుబాటు..."

"తెలుసు సార్. నేను నాలుగుసార్లు చెరిపాను. నొయెల్ నాలుగుసార్లు పెట్టుకుంది. ఆన్సెల్ ఏమీ చెయ్యలేదు. నిన్ననే తెలిసింది నాకు. తెలిసి కూడా చెప్పలేదు."

సార్ గోడ దగ్గరికి వెళ్లాడు. నాలుగు గుండుసూదులూ ఒక్కొక్కటే పీకి, బొమ్మ తెచ్చి లరీసా ముందు బోర్లా పెట్టాడు. కట్టుబాటు కట్టుబాటే. అప్పుడు వెనక్కి తిరిగి, "ఆన్సెల్, నేను తప్పు చేశాను. నీ బొమ్మ సోమవారం చూస్తాం. అప్పటిదాకా ఫలితం చెప్పను," అన్నాడు.

"అయితే ఇవాళ మధ్యాహ్నం ల్యాబ్‌కి రావచ్చా సార్?" అన్నాడు ఆన్సెల్. లరీసా తల వంచుకుంది.

గంట కొట్టి అందరూ వెళ్లిపోయాక నొయెల్ వచ్చి ఎదురుగా నిలబడింది.

"సీటు పోయింది," అంది.

"ఊఁ."

"ఇది కూడా మెప్పు కోసమే చేశావా? గొప్ప నిజాయితీపరురాలివి అనిపించుకోవడానికి?"

కాదని ఠక్కున చెప్పబోయి ఆగింది లరీసా. ఈ వారమంతా తనకి రూఢిగా తెలుసనుకున్నవన్నీ తప్పయ్యాయి. "ఏమో. కాదనే అనుకుంటున్నా," అంది.

నొయెల్ ఆమె ముఖాన్ని చాలాసేపు పరీక్షగా చూసింది. నమ్మినట్టూ లేదు, నమ్మనట్టూ లేదు. బొమ్మని వెల్లకిలా తిప్పి, కిటికీ వెలుగులోకి ఎత్తి పట్టుకుంది.

"ఇది ఇంటికి తీసుకెళ్తా. తాతయ్యకి చూపించాలి."

"నొయెల్," అంది లరీసా. "మొటిమ... తీసెయ్యమంటావా? ఉంచమంటావా?"

నొయెల్ బొమ్మలో తన గడ్డం వైపు కళ్లు చిట్లించి చూసింది.

"అది తీసెయ్," అంది. "అది నాది కాదు, పోయినవారం తిన్న చాక్లెట్‌ది."