చల్లగా ఉన్నప్పుడు చేసిన పరీక్ష

నేను ఒక గ్రాఫిక్స్ కార్డును. కంప్యూటర్ తెర మీద మీరు చూసే బొమ్మలన్నీ గీసేది నేనే, పేరు మాత్రం తెరకి. మొదట ఒక ఫొటో స్టూడియోలో నాలుగేళ్లు పెళ్లికూతుళ్ల ముఖాలకు తెలుపు పూశాను. తర్వాత పాతసామాన్ల కొట్టు మీదుగా మాదాపూర్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసుకు చేరాను. అక్కడ నా పని పరీక్షలకు ఒళ్లప్పగించడం.

నాకు పనులు చెప్పే ప్రోగ్రామును డ్రైవర్ అంటారు. దానిలో ఒక చిన్న తప్పుండేది. కంప్యూటర్ నిద్రపోయి లేస్తే ఒక్కోసారి తెర నల్లగానే ఉండిపోయేది. కారణం కనిపెట్టింది హైమావతి అనే కాంట్రాక్టు ఇంజనీరు. ఒళ్లు వేడెక్కి ఉంటే నేను లేవడానికి కాస్త సమయం పడుతుంది. ఆలోపే డ్రైవర్ పని చెప్పేస్తోంది. ఆమె డ్రైవర్‌లో నన్ను నిద్రలేపే భాగాన్ని తిరగరాసి, నా కోసం రెప్పపాటు ఆగమని అందులో ఒక్క వరుస చేర్చింది. ఆమె ఉద్యోగం పర్మనెంట్ అవుతుందో లేదో ఆ నెలలోనే తేలాలి.

ఆ ఆఫీసులో ఎవరి దిద్దుబాటైనా ఇంకొకరు సరిచూసి, కింద ‘పరీక్షించాను’ అని రాసి పేరు పెట్టాలి. ఈ దిద్దుబాటు పురుషోత్తం దగ్గరికి వెళ్లింది. ఇరవై ఏళ్ల అనుభవం ఆయనది. పొద్దున్నే వచ్చి, ఆ వరుస తీసేసి, నన్ను ఒక్కసారి నిద్రపుచ్చి లేపాడు. చల్లగా ఉన్నాను కదా, టక్కున లేచాను.

“ఈ ఆగడం ఎందుకమ్మా? అది లేకపోయినా శుభ్రంగా వెలుగుతోందిగా. తీసెయ్.”

“వేడెక్కాక ఒకసారి చూడండి సార్. చల్లగా ఉంటే అది బుద్ధిగానే ఉంటుంది.”

“నాకు తెలీదా?”

ఆమె తీసేసింది. ఆయన పేరు పెట్టాడు. నాకు నోరుంటే అరిచేదాన్ని. బాగా పనిచేసినందుకు సిగ్గుపడాల్సి రావడం నా బతుకులో అదే మొదలు.

రెండు వారాలకే ఆ డ్రైవర్ వాడే డయాగ్నస్టిక్ సెంటర్లలో టోకెన్ నంబర్లు చూపే తెరలు నల్లబడ్డాయి. రోగులు కౌంటర్ల మీద పడ్డారు. మీటింగులో మేనేజర్ కామేశ్వరి అడిగింది: “ఎవరిదీ మార్పు?” రికార్డులో హైమావతి పేరుంది. పురుషోత్తం తేలుకుట్టిన దొంగలా నోరు మెదపలేదు. ఆమె కాంట్రాక్టు ఆ నెలతో సరి అన్నారు.

ఆ మధ్యాహ్నం ఆయన ఒంటరిగా వచ్చి, గంటసేపు నాతో గొడ్డుచాకిరీ చేయించి, నిద్రపుచ్చి లేపాడు. నేను లేవలేదు. నాలుగుసార్లు లేపినా లేవలేదు. ఆమె వరుస మళ్లీ చేర్చాడు. నాలుగుసార్లూ లేచాను. ఆమెను పిలిపించాడు.

“నీ వరుస మళ్లీ పెడదామమ్మా. ఈసారి నా పేరు మీద పంపిస్తాను, నీకు మాట రాకుండా.”

“పేరు ఎవరిదైనా పర్లేదు సార్. ఆ వరుస మొదట ఎందుకు పోయిందో రాయండి, చాలు.”

ఆయన రాశాడు, చెరిపాడు, మళ్లీ రాశాడు. చివరికి అందరికీ పంపాడు: ‘ఈ వరుస మొదటే ఉంది. తీయించింది నేను. పరీక్షించానని రాశాను, వేడెక్కాక పరీక్షించలేదు.’

కామేశ్వరి పరుగున వచ్చి ఉండిపొమ్మంది. హైమావతి బ్యాగు సర్దుకుంటూ, “ఆ మీటింగులో ఒక్క మాట నన్ను అడిగి ఉంటే ఉండేదాన్ని మేడం,” అంది.

తిలాపాపం తలా పిడికెడు. నా పిడికెడు నాతోనే ఉంది. నిన్న నన్ను తుక్కు పెట్టెలో వేసింది పురుషోత్తమే. మూత వేసేముందు నన్ను చూసి తల దించుకున్నాడు. నాకు తల లేదు. ఉంటే నేనూ దించుకునేదాన్ని.